గంజాం–బరంపురం ప్రాంతంలో చిరుధాన్యాల సాగు

ఒడిశా దక్షిణ కొసన, శ్రీకాకుళం జిల్లాను ఆనుకుని ఉన్న గంజాం జిల్లాలోను, ఆ జిల్లాలో అతి పెద్ద పట్టణమైన బరంపురం చుట్టుపక్కల పల్లెల్లోను వరి కాకుండా పండించే చిన్న గింజల ధాన్యాల చరిత్ర ఇది. వీటిలో ముఖ్యమైనవి చోళ్ళు. రాయలసీమలో రాగులనే ఈ గింజల్ని ఒడియావాళ్ళు మండియా అంటారు. సామలు (ఒడియాలో సువాఁ), కొర్రలు (కంగు), గంటెలు (సజ్జలు), జొన్నలు వాటి తర్వాత వస్తాయి. క్వినోవా, టెఫ్ లాంటి విదేశీ గింజల్ని ‘ప్రత్యామ్నాయ పంటలు’ అని చెప్పుకోవడం గత పదిహేనేళ్ళలో పెరిగింది. ఇక్కడి కొండరైతుకీ మెట్టరైతుకీ మాత్రం ఒకప్పుడు చోళ్ళే రోజువారీ తిండి; వరి అన్నం పండగపూట మాట. చోళ్ళు పక్కకి జరిగి వరికి ప్రత్యామ్నాయమనిపించుకున్నది సుమారు నూట నలభై ఏళ్ళలో. కాలవనీరు, రాష్ట్రాల సరిహద్దు, చవక బియ్యం కలిసి ఆ పని చేశాయి.

నేల

జిల్లాకి పడమట తూర్పు కనుమల వాలు, నడుమ ఋషికుల్య నది, దాని ఉపనదులు తడిపే పల్లం, తూర్పున ఛత్రపురం, గోపాలపురాల మీదుగా సాగే ఇసుక నేలలు. పల్లం వరిది. ఇసుకపట్టీలో జీడిమామిడి, మొగలి తోటలు ఎక్కువ. గంజాం మొగలి అత్తరుకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. చోళ్ళకి, సామలకి మిగిలినవి సొరడ, ధరాకోట, దిగపహండి, పాత్రపురం వైపు కొండల్ని ఆనుకున్న ఎర్రమెట్టలు. వానకి పెద్ద లోటు లేదు, ఏడాదికి 1,200 మిల్లీమీటర్లు దాటుతుంది. కానీ ఆ మెట్టల్లో నీరు నిలవదు. రెండు వారాలు చినుకు పడకపోతే వరి పొట్టకే రాదు, చోడిచేను మాత్రం తట్టుకుంటుంది.

ఎక్కణ్ణించి వచ్చాయి

చోళ్ళు ఈ దేశపు గింజలు కావు. ఇథియోపియా నుంచి ఉగాండా వరకు ఉన్న తూర్పు ఆఫ్రికా ఎత్తుభూముల్లో మొదట సాగైన ఈ పంట కనీసం మూడు వేల ఏళ్ళ కిందట భారతదేశం చేరిందని ఎక్కువమంది అంచనా. తవ్వకాల్లో దొరికిన కొన్ని మాడిన గింజల గుర్తింపు మీద పురావస్తు శాస్త్రజ్ఞుల మధ్య ఇంకా వాదాలున్నాయి. ఇప్పుడు కొత్తగా వినబడుతున్న టెఫ్‌ది కూడా ఆ ఇథియోపియా ఎత్తుభూములే. వృక్షశాస్త్రం లెక్కలో గడ్డికుటుంబంలోని ఒకే ఉపకుటుంబానికి చెందిన దాయాదులివి. ఒక దాయాది ఎప్పుడో వచ్చి చోడంబలిగా మన ఇంటిదైపోయింది. రెండో దాని విత్తనాన్ని లండన్‌లోని క్యూ ఉద్యానవనం వారు 19వ శతాబ్దం రెండో భాగంలో భారతదేశంతో పాటు పలు దేశాలకు పంపి చూశారు. ఇక్కడ అది నిలదొక్కుకోలేదు. కొర్రలు చైనా వైపువి. సామలు మాత్రం అచ్చంగా ఈ ఉపఖండంలోనే సాగులోకి వచ్చిన పంట. తూర్పు కనుమల గిరిజనులు ఇప్పటికీ దాన్ని పండిస్తున్నారు.

పోడు, రోలు

పడమటి కొండల్లో సవరలు, కొంధులు పోడు కొట్టి పండించేవారు. వేసవిలో చెట్టూ చేమా నరికి కాల్చి, తొలకరికి ఆ బూడిదలోనే చోళ్ళు, సామలు, కందులు, బొబ్బర్లు, వలిసెలు కలిపి చల్లేవారు. సామలు ముందు కోతకొస్తే చోళ్ళు ఆ తర్వాత, కందులు సంక్రాంతి దాటాక. ఒక్క చేను నాలుగైదు నెలల పాటు విడతలుగా తిండి పెట్టేది. రెండు మూడేళ్ళకి ఆ వాలుని వదిలేసి మరో చోటికి వెళ్ళేవారు. అడవి తిరిగి పెరగడానికి పదేళ్ళో పన్నెండేళ్ళో వ్యవధి ఉన్నంత కాలం ఈ పద్ధతి నడిచింది. ఆ వ్యవధి మూడు నాలుగేళ్ళకి తగ్గినచోట నేల చచ్చిపోయింది. మెట్టల్లో పద్ధతి వేరు. వరిలాగే చోళ్ళకీ నారు పోసి, దున్నిన తడినేలలో మొక్కలు నాటేవారు. ఇచ్ఛాపురం, సోంపేట వైపు తెలుగు రైతులదీ అదే పద్ధతి.

ఈ గింజల్లో ఏది మిగులుతుంది, ఏది పోతుంది అన్నది చాలావరకు రోటి దగ్గరే తేలింది. చోడిగింజకి ఊక ఉండదు. కంకులు కోసి కుప్పేసి, ఎండాక కొట్టి తూర్పారబడితే నేరుగా తిరగలికి వెళ్ళిపోతుంది. సామలు, కొర్రలు, ఊదలు అలా కాదు. గట్టి పొట్టులో ఉంటాయి. ఒక పూట కూడుకి ఆడవాళ్ళు గంటల తరబడి దంచి, చెరిగి, మళ్ళీ దంచాలి. ఆడించిన బియ్యం సంతలో దొరకడం మొదలయ్యాక ముందు కనుమరుగైనవి అందుకే సామలు, కొర్రలు. చిరుధాన్యాలు జనం ఎందుకు మానేశారని అడిగే చాలామంది ఈ దంపుడు చాకిరీని లెక్కలోకి తీసుకోరు.

చోళ్ళకి మరో గుణముంది: పురుగు పట్టవు. పొడిగా దాచితే ఏళ్ళ తరబడి నిలవుంటాయి. కరువుని ఎదుర్కోవడానికి పల్లె చేతిలో ఉన్న అసలు ఆస్తి పాతరలో పోసుకున్న ఈ ధాన్యమే.

కరువులు, కాలవలు

1936 దాకా గంజాం మద్రాసు రాష్ట్రంలో జిల్లా. అప్పుడది ఇప్పటికంటే చాలా పెద్దది. శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట కూడా అందులోవే. 1802–04 నాటి శాశ్వత శిస్తు ఏర్పాటుతో ఖల్లికోట, ధరాకోట, చికిటి, జరడ, సురంగి, మందస లాంటివి జమీందారీలుగా స్థిరపడ్డాయి. బరంపురం వైపు భూములు, తర్వాతి కాలంలో ఘుమ్‌సర్ భూములు కూడా, ప్రభుత్వం కింద రైత్వారీలో ఉండేవి. 1835–37లో ఈస్టిండియా కంపెనీ ఘుమ్‌సర్ మీద చేసిన యుద్ధం తర్వాత, 1839 చట్టంతో పడమటి కొండలు ‘ఏజెన్సీ’ అయ్యాయి. పల్లం శిస్తుకీ మెట్ట శిస్తుకీ తేడా పెద్దది గనక ప్రభుత్వ దృష్టి ఎప్పుడూ వరి పండే పల్లం మీదే ఉండేది. చోడిచేలు రెవెన్యూ కాగితాల్లో ‘ఇతర మెట్టపంటలు’గా మిగిలిపోయాయి.

1866లో ఒడియావాళ్ళు న’అంక అని పిలుచుకునే మహాకరువు గంజాం దాకా వ్యాపించింది. 1888–89లో జిల్లాకి ప్రత్యేకంగా మరో కరువు వచ్చింది. కరువు రక్షణ పనుల కింద 1880ల్లో మొదలైన ఋషికుల్య నీటిపారుదల పథకం శతాబ్దం తిరిగేసరికి ఓ కొలిక్కి వచ్చింది. రస్సెల్‌కొండ (ఇప్పటి భంజనగర్), సొరడల దగ్గర జలాశయాలు, నది పొడవునా కాలవలు దానిలో భాగాలు. ఇంజనీర్ల ఉద్దేశం వరిని కాపాడటం, ఆ పని నెరవేరింది. దాంతో పాటు మరొకటి కూడా జరిగింది. కాలవనీరు అందినంత మేర మెట్ట పల్లమైపోయింది, చోళ్ళ స్థానంలోకి వరి వచ్చింది. కరువుకి గురయ్యేది ప్రధానంగా వరే అయినా, కరువు నివారణ పేరుతో మరింత వరి పెరగడం ఈ చరిత్రలో ఒక విడ్డూరం.

గీత గీశాక

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైంది. బరంపురం, పర్లాకిమిడి పట్టణాలు అటు వెళ్ళాయి. శ్రీకాకుళం, టెక్కలి, ఇచ్ఛాపురం ఇటు మిగిలాయి. ఒకే పంట, ఒకే వంట ఉన్న రైతులకి అక్కడి నుంచి రెండు వ్యవసాయ శాఖలు, రెండు విత్తన శాలలు. 1992 అక్టోబర్ 2న గంజాం నుంచి గజపతి జిల్లా విడిపోవడంతో సవర కొండలు చాలావరకు అటు పోయాయి. ఆ విధంగా చోళ్ళు ఎక్కువగా పండే భాగమూ గంజాం లెక్కల్లోంచి తప్పుకుంది. ‘గంజాంలో మండియా తగ్గింది’ అని అంకెలు చూపేటప్పుడు ఈ విభజన గుర్తుంచుకోకపోతే పొరబడతాం.

ఆంధ్ర వైపు చోడి పరిశోధన అనకాపల్లి, పెద్దాపురం, విజయనగరం కేంద్రాల్లో సాగింది. పెద్దాపురంలో తయారైన గోదావరి రకం ఆంధ్రా దాటి ఒడిశా చేలకీ వెళ్ళింది. విజయనగరం కేంద్రం చంపావతి, వేగావతి, ఇంద్రావతి, సువర్ణముఖి, గోస్తని అంటూ నదుల పేర్లు పెట్టి రకాలు విడుదల చేసింది. ఒడిశాలో 1962లో భువనేశ్వర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. దాని ఆధ్వర్యంలో బరంపురం దగ్గరి పరిశోధన కేంద్రం, 1986లో మొదలైన అఖిల భారత చిన్న చిరుధాన్యాల సమన్వయ పథకంలో చేరింది. భైరవి, చిలికా, అర్జున, శుభ్ర లాంటి ఒడిశా రకాలు ఆ పరిశోధన ఫలితాలు. అగ్గితెగులుని తట్టుకోవడం, సుమారు నాలుగు నెలల్లో కోతకి రావడం ఈ రకాల్లో చూసుకున్న గుణాలు.

రకాలు వచ్చినా చేలు పెరగలేదు. 1950ల్లో దేశం మొత్తం మీద 20 లక్షల హెక్టార్లు దాటిన చోళ్ళ సాగు ఇటీవల 12 లక్షలకి అటూ ఇటూగా ఉంది. సరిహద్దుకి ఇటు 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది; ఒడిశాలో 2008లో రెండు రూపాయలకి, 2013లో రూపాయికి వచ్చింది. రేషన్ కార్డు మీద రూపాయికి బియ్యం దొరికిన రోజుల్లో, చోళ్ళకి నారు పోసి, నాటి, కలుపు తీసే ఓపిక ఎవరికుంటుంది? పైగా గంజాం పల్లెల్లో యువకులు లక్షల సంఖ్యలో సూరత్ మరమగ్గాలకి వలసపోయారు. కొండపట్టీల్లో మొక్కజొన్న చొరబడింది. దానికి కొనేవాడు చేను దగ్గరికే వస్తాడు.

మండియా మళ్ళీ

2017లో ఒడిశా ప్రభుత్వం మిల్లెట్స్ మిషన్ మొదలుపెట్టింది. తొలి విడతలో 7 జిల్లాల్లోని 30 బ్లాకులు: గజపతి, కలహండి, కంధమాల్, కోరాపుట్, మల్కాన్‌గిరి, నువాపడ, రాయగడ. గంజాం పేరు అందులో లేదు. పథకం విస్తరించాక చేరింది. భువనేశ్వర్‌లోని నవకృష్ణ చౌధురి అభివృద్ధి అధ్యయన కేంద్రంతో పాటు, హైదరాబాదు కేంద్రంగా పనిచేసే వాసన్ సంస్థ ఈ పథకం నడకలో మొదటి నుంచీ ఉంది. తెలుగు జిల్లాల మెట్ట వ్యవసాయంలో సంపాదించిన అనుభవం అలా సరిహద్దు దాటింది. తర్వాత ఈ పథకానికి శ్రీఅన్న అభియాన్ అని పేరు మార్చారు. ఏటా నవంబర్ 10ని మండియా దినంగా జరుపుతున్నారు.

దీనికి ముందు వచ్చిన ప్రోత్సాహక పథకాలకీ దీనికీ అసలు తేడా కొనుగోలు. విత్తనాలిచ్చి ఊరుకోకుండా, గిరిజన సహకార సంస్థ ద్వారా మద్దతు ధరకి మండియా కొనడం 2018–19లో మొదలైంది. కేంద్రం రాగులకి ప్రకటించిన మద్దతు ధర 2017–18లో క్వింటాలుకి రూ. 1,900, మరుసటి ఏడు ఒక్కసారిగా రూ. 2,897 అయింది, 2025–26కి రూ. 4,886. కొన్న ధాన్యాన్ని రేషన్‌లోను, కొన్ని జిల్లాల్లో అంగన్‌వాడీ పిల్లలకి లడ్డూలుగాను ఇచ్చారు. 100 గ్రాముల చోళ్ళలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. బియ్యంలో పది మిల్లీగ్రాములకి అటూ ఇటూ. పిల్లల తిండిలో చోళ్ళకి చోటు దక్కడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు. సాగులో, వెదజల్లడం మాని లేత నారుని వరసల్లో దూరంగా నాటే పద్ధతిని నేర్పారు. కోరాపుట్, మల్కాన్‌గిరి కొండల్లో రైతులే తరతరాలుగా కాపాడుకొచ్చిన కుంద్రా బాటి, లక్ష్మీపుర్ కాలియా లాంటి నాటు రకాలకి ప్రభుత్వ గుర్తింపు వచ్చింది.

విదేశీ గింజల సంగతి

ఐక్యరాజ్యసమితి 2013ని క్వినోవా సంవత్సరంగా, 2023ని చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. మొదటి ప్రకటన వేడిలోనే అనంతపురం జిల్లాలో ప్రాజెక్ట్ అనంత అనే పథకం కింద క్వినోవా వేసి చూశారు. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ క్వినోవా, చియా విత్తనాలు రైతులకి పంచింది. 2014 ప్రాంతంలో ఆకాశాన్నంటిన క్వినోవా అంతర్జాతీయ ధర, పెరూ, బొలీవియాలతో పాటు ఇతర దేశాలూ సాగుకి దిగడంతో రెండేళ్ళలోనే కుప్పకూలింది.

గంజాంలో ఈ పంటలకి చరిత్ర ఏర్పడలేదు, కారణాలు ఊహించడం కష్టం కాదు. క్వినోవా మన చక్రవర్తికూర జాతిదే. పూతదశలో ఎండ 35 డిగ్రీలు దాటితే గింజ పట్టదు కాబట్టి ఇక్కడ చలికాలంలోనే వేయాలి. గింజ మీది చేదు పొరని కడిగి గానీ మరపట్టి గానీ తీసేయాలి. టెఫ్ గింజ మిల్లీమీటరు కన్నా సన్నం. గాలివానకి చేను పడిపోతుంది. 2013లో గోపాలపురం దగ్గర తీరం దాటిన ఫైలిన్, 2018లో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ రెండూ అక్టోబర్ తుపాన్లే. వానాకాలపు పంటలు పొట్టమీదో కోతకో ఉండే నెల అది.

ఇంటి గింజైన సామలు ఇప్పటికీ ఇబ్బందిలోనే ఉన్నాయి. పొట్టు తీసే చిన్న యంత్రాలు మహిళా సంఘాల చేతికి రావడంతో దంపుడు బాధ కొంత తగ్గింది. అమ్మకం సంగతి అలాగే ఉంది. కేంద్రం మద్దతు ధర ప్రకటించే చిరుధాన్యాలు జొన్న, సజ్జ, రాగి మాత్రమే. ఆ జాబితాలో సామలు లేవు గనక, వాటికి సంతలో వ్యాపారి చెప్పిందే ధర.