నీళ్లు కదపలేని అడ్డంకి

1897 ఆగస్టు 20. సికిందరాబాద్ కంటోన్మెంటు పక్కన బేగంపేటలో సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్ ఒక దోమ పొట్టను మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తున్నాడు. నాలుగు రోజుల కిందట హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి రక్తం తాగిన దోమ అది. పొట్ట గోడలో గుండ్రటి కణాలు, వాటిలో నల్లటి రేణువులు కనిపించాయి. ఎర్ర రక్తకణంలోని హిమోగ్లోబిన్‌ను తిన్నాక మలేరియా పరాన్నజీవి మిగిల్చేది ఆ నలుపునే. దాంతో దోమ గుట్టు రట్టయింది. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది.

అదే జబ్బులో మరో చిక్కుముడి మాత్రం వందేళ్లు దాటేదాకా వీడలేదు. తీవ్రమైన ఫాల్సిపారం రకం మలేరియాతో ఐసీయూలో చేరిన మనిషికి ఎగశ్వాస ఉంటుంది, మూత్రం తగ్గిపోతుంది, ఆక్సిజన్ అందని కణాలు వదిలే లాక్టేట్ రక్తంలో పెరిగి ఆమ్లం పేరుకుంటుంది. చూసినవాళ్లెవరికైనా ఒంట్లో నీరు తగ్గిందనే అనిపిస్తుంది. సెలైన్ ఎక్కిస్తారు. అయినా ఆమ్లం దిగదు. ఎందుకని?

మొదటి ఆధారం రక్తపు స్లైడు మీదే ఉంది. ఫాల్సిపారం రోగి వేలి నుంచి తీసిన రక్తంలో ఎక్కువగా ఉంగరాల్లాంటి లేత పరాన్నజీవులే కనిపిస్తాయి. రక్తంలో ఈ పరాన్నజీవి జీవితచక్రం సుమారు 48 గంటలు. మరి ముదిరినవి, కడుపులో నలుపు నింపుకున్నవి ఎక్కడికి పోయాయి?

రెండో ఆధారం రోమ్‌లో దొరికింది. 1890ల్లో మార్కియాఫావా, బిన్యామి మలేరియాతో చనిపోయినవారి మెదడును పరీక్షించారు. అక్కడి కేశనాళికలు పరాన్నజీవులున్న ఎర్రకణాలతో కిక్కిరిసి ఉన్నాయి. ముదిరిన పరాన్నజీవి తానున్న కణాన్ని నాళం గోడకు అతుక్కునేలా చేస్తుందని తర్వాత తేలింది. మామూలు ఎర్రకణం కూడా ముడుచుకుంటే తప్ప దూరలేని సన్నటి దారులవి. అక్కడ కొన్ని కణాలు గోడకు అంటుకున్నా చాలు, దారి మూసుకుపోతుంది.

మూడోది బీపీ. చాలామంది రోగుల్లో అది పెద్దగా పడిపోదు. అంటే పెద్ద నాళాల్లో రక్తం బాగానే నడుస్తోంది.

నాలుగోది అందరినీ ఉలిక్కిపడేలా చేసింది. ఉగాండా, కెన్యా, టాంజానియాల్లో క్యాథరిన్ మైట్‌లాండ్ బృందం చేసిన అధ్యయనం 2011లో వెలువడింది. తీవ్ర జ్వరంతో, రక్తప్రసరణ మందగించి వచ్చిన 3,141 మంది పిల్లలు అందులో ఉన్నారు. సగానికి పైగా మలేరియా కేసులే. వేగంగా సెలైన్ ఎక్కించినవారిలో 48 గంటల్లోపు 10.5 శాతం మంది చనిపోయారు. అలా ఎక్కించనివారిలో 7.3 శాతం. ఈ అధ్యయనం చిన్న నాళాల్లోకి తొంగిచూడలేదు కానీ, నీరు హాని చేయగలదని రుజువు చేసింది.

లోపలికి చూసింది ఓ చిన్న కెమెరా. 2008లో అచ్చయిన అధ్యయనంలో బంగ్లాదేశ్‌లోని రోగుల మలాశయం లోపొరపై దాన్ని ఆనించి, బతికున్న మనిషిలోనే కేశనాళికలను చూశారు. ఒక నాళికలో రక్తం కదలకుండా నిలిచిపోయింది, దాని పక్క నాళికలో మామూలుకన్నా జోరుగా పారుతోంది. మూసుకున్న నాళికలు ఎంత ఎక్కువైతే లాక్టేట్ అంత ఎక్కువ.

ముడి ఇక్కడ వీడింది. ప్రధాన కాలువ నిండుగా పారుతున్నా పిల్లకాలువ పూడిపోతే చివరి ఆయకట్టుకు నీరందదు. పైనుంచి ఇంకా వదిలితే గట్టు తెగుతుంది. ఈ రోగుల్లో తెగే గట్టు ఊపిరితిత్తులు. ఎక్కించిన సెలైన్ అక్కడికి చేరి ఊపిరాడనివ్వదు.

మందు కూడా ఇదే మాట చెప్పింది. ఆసియా దేశాల్లో జరిగిన పరీక్షలో క్వినైన్ తీసుకున్నవారిలో 22 శాతం చనిపోతే, ఆర్టిసునేట్ తీసుకున్నవారిలో 15 శాతమేనని 2005లో తేలింది. ఆర్టిసునేట్ లేత ఉంగరాలను కూడా, అవి గోడకు అతుక్కోకముందే చంపుతుంది.

అలాగని సెలైన్ శత్రువు కాదు. డెంగీలో ప్లాస్మా నాళాల్లోంచి కారిపోతుంది కాబట్టి, కొలిచి ఇచ్చే ద్రవమే ప్రాణం నిలుపుతుంది. సెప్సిస్ రోగుల నాలుక కింద ఇలాంటి కెమెరాతోనే చూసిన అధ్యయనం 2010లో వచ్చింది. తొలి 24 గంటల్లో ఇచ్చిన ద్రవం చిన్న నాళాల్లో ప్రవాహాన్ని పెంచింది. 48 గంటలు దాటాక ఇచ్చింది పెంచలేదు. ఏ జబ్బు, ఏ దశ అన్నదే ఎంత నీరు కావాలో తేలుస్తుంది.

పాడేరు నుంచో భద్రాచలం ఏజెన్సీ నుంచో జ్వరంతో స్పృహ తప్పిన మనిషిని ఆసుపత్రికి తెచ్చినవాళ్లు, ఇంకో బాటిల్ ఎక్కించలేదని డాక్టరు మీద కోపం పెంచుకోవద్దు. రక్తపరీక్షలో ఏం తేలిందో, ఆర్టిసునేట్ ఇంజెక్షన్ మొదలైందో లేదో అడగండి. దారికి అడ్డుపడే కణాలు పెరగకుండా ఆపేది ఆ మందే.