ఇంటికి వచ్చిన గణకయంత్రము

రాజాస్థానములలో పుట్టిన విద్య పేదవాని పంచకు చేరుటకు చిరకాలము పట్టును. తాళపత్ర గ్రంథములు పండితుల పెట్టెలలోను మఠముల భాండాగారములలోను దాగియున్నంతకాలము చదువు కొందరి సొత్తు. అచ్చుయంత్రము వచ్చి, ఊరూర గ్రంథాలయములు వెలసిన పిమ్మట ఆ చదువే అందరి వాకిళ్ళలో అడుగిడెను. నేడు పిల్లలు సైతము కంప్యూటరని పిలుచు గణకయంత్రము నడచిన త్రోవయు ఇట్టిదే. ఆ త్రోవలో మిక్కిలి ముచ్చటైన ఘట్టము బ్రిటన్ దేశమున 1980, 1986 సంవత్సరముల నడుమ జరిగినది.

అంతకు పూర్వము కంప్యూటరు పెద్ద సంస్థల ఆస్తి. చల్లబరచిన ప్రత్యేకపు గదులలో అది కొలువుండెడిది. 1971లో అమెరికాలోని ఇంటెల్ సంస్థ గణన చేయు భాగమునంతను గోరంత సిలికాను తునుకలో ఇమిడ్చి 4004 అను పేర విక్రయించెను. ఇంటి కంప్యూటరునకు బీజము అదియే. 1975లో ఆల్టెయిర్ 8800 అను యంత్రము విడిభాగములుగ అమ్మకమునకు వచ్చినది గాని, దానికి అక్షరములు నొక్కు పలకయు లేదు, చూచుటకు తెరయు లేదు. మీటలు పైకి క్రిందికి వేయుటయే దానితో సంభాషణము. 1977లో వచ్చిన రెండవ ఆపిల్ యంత్రము సర్వాంగ సుందరమే, కాని వెల 1,298 డాలర్లు. సామాన్య గృహస్థునకు అది అందని ద్రాక్ష.

అట్టి సమయమున కేంబ్రిడ్జి పట్టణమున క్లైవ్ సింక్లెయిర్ (1940–2021) అను నాతడు రంగమునకు వచ్చెను. ఆయన విశ్వవిద్యాలయపు గడప త్రొక్కినవాడు కాడు. పాఠశాల విడిచి, ఎలక్ట్రానిక్ విద్యకు సంబంధించిన పత్రికలకు వ్రాయుచు, స్వయంకృషిచే పైకి వచ్చినవాడు. 1980లో ఆయన సంస్థ జెడ్ఎక్స్80 అను యంత్రమును 99.95 పౌండ్లకు అమ్మెను. బ్రిటన్‌లో నూరు పౌండ్లకు లోబడిన తొలి కంప్యూటర్లలో అది యొకటి. మరుసటి యేట, 1981 మార్చిలో, జెడ్ఎక్స్81 వెలువడెను. మొదటిదానిలో 21 చిప్పులుండగా దీనిలో నాలుగే. భాగములు కుదించిన కొలది ఖర్చు తగ్గినది, వెల 69.95 పౌండ్లు, తామే అతుకుకొను వారికి 49.95 పౌండ్లు. స్కాట్లండులోని డండీ పట్టణమున గడియారముల సంస్థయైన టైమెక్స్ కర్మాగారమున ఇవి తయారయ్యెను. పది లక్షలకు మించి అమ్ముడుపోయెను.

ఆ యంత్రపు జ్ఞాపకశక్తి ఒక్క కిలోబైటు, అనగా 1,024 ఆంగ్లాక్షరములు పట్టునంత. అందులోను కొంత తెరకే చెల్లిపోవును. దానికి సొంత తెర లేదు. ఇంటి టెలివిజనే తెర. వ్రాసినది దాచుటకు పాటలు వినెడి టేపు రికార్డరే భాండాగారము. కావున యంత్రము వచ్చిన ఇంటిలో సాయంకాలము వార్తల వేళ పెద్దలకును పిల్లలకును తగవు తప్పకుండెడిది. జ్ఞాపకశక్తి చాలని వారు 16 కిలోబైట్ల పెట్టె నొకదానిని కొని వెనుక తగిలించెడివారు. బల్ల కొంచెము కదలిన ఆ పెట్టె కదలును. అది కదలిన, అంతవరకు వ్రాసినదంతయు మాయమగును! నాటి బాలురు నేడు అరువది దాటుచున్నారు. ఊపిరి బిగబట్టి మీటలు నొక్కిన ఆ రాత్రులను వారు నేటికిని చెప్పుకొని నవ్వుకొందురు.

ప్రోగ్రాములు పత్రికలలో అచ్చుపడెడివి. వానిని చూచి పంక్తి వెంట పంక్తి ఎక్కించుకొనవలెను. పూర్వము లేఖకుడు తాళపత్రములకు ప్రతి వ్రాసినట్టిదే ఈ పని. అయితే లేఖకుని తప్పును పండితుడు సవరించుకొని చదువును, యంత్రము సవరించుకొనదు. జమాబందీ లెక్కలో ఒక్క అంకె తప్పిన మొత్తము కుదరనట్లు, ఒక్క గుర్తు తప్పిన ప్రోగ్రాము నడువదు. తప్పు వెదకుటలోనే బాలురు విద్య నేర్చిరి. గురువు లేడు, బెత్తము లేదు, తెరయే పరీక్షాధికారి.

1982 ఏప్రిల్ 23న రంగులు చూపు జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్ వచ్చెను. 48 కిలోబైట్లది 175 పౌండ్లు. దీనికి కొలది నెలల ముందే, 1981 డిసెంబరులో, ఏకార్న్ సంస్థ నిర్మించిన బీబీసీ మైక్రో వెలువడి పాఠశాలలలో ప్రవేశించెను. దానికి తోడుగ 1982 జనవరి నుండి బీబీసీ టెలివిజనులో పాఠములు ప్రసారము చేసెను. భారతదేశమున 1984లో ప్రభుత్వము ప్రారంభించిన 'క్లాస్' పథకమున మన పాఠశాలలకు వచ్చినవియు ఈ బీబీసీ యంత్రములే.

అయితే ఆ పిల్లలందరును శాస్త్రవేత్తలైరనుట అతిశయోక్తి. చదువునకని తల్లిదండ్రులకు చెప్పి కొనిపించుకొని, ఆటలకే వాడినవారు కోకొల్లలు. వ్యాపారమును చిరకాలము నిలువలేదు. 1986లో సింక్లెయిర్ తన కంప్యూటరు వ్యాపారమును ఆమ్‌స్ట్రాడ్ సంస్థకు 50 లక్షల పౌండ్లకు విక్రయించెను. మరి మిగిలిన దేమి?

బీబీసీ మైక్రోను రూపొందించిన సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ అనువారు 1985లో ఏకార్న్ సంస్థయందే ఆర్మ్ అను చిప్పును కల్పించిరి. నేడు రైతు జేబులోని సెల్‌ఫోనులో పనిచేయునది దాని సంతతియే. మిగిలిన రెండవ ఫలము సూక్ష్మమైనది. జెడ్ఎక్స్81 మీట వేసినంతనే తెల్లని తెరపై ఒక మూల 'కె' అను అక్షర మొక్కటి కానవచ్చెడిది. తక్కిన దంతయు శూన్యము. పలక చేతికిచ్చి 'వ్రాయుము' అన్నట్లుండెడిది. తరువాతి యంత్రములు నేర్పరులు వండి వడ్డించిన భోజనమువంటి వయ్యెను. తినుట సుఖమే గాని వంట మరపునకు వచ్చెను. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున కంప్యూటరు విద్యకై వచ్చు విద్యార్థులలో ఈ లోపమును గమనించిన ఎబెన్ అప్టన్ మొదలగువారు 2012లో రాస్ప్‌బెర్రీ పై అను చౌకయంత్రమును విడుదల చేసిరి. దాని తరగతులకు ఏ, బీ అని బీబీసీ మైక్రో తరగతుల పేర్లనే ఉంచిరి.

వేయి అక్షరములు పట్టని యంత్రము ఒక తరమునకు వ్రాత నేర్పెను. కోట్ల అక్షరములు పట్టు యంత్రము నేడు చేతనుండియు చూపునకే పరిమితమగుచున్నది. గ్రంథాలయమునకును ఈ నీతి వర్తించును. బీరువాలలో పుస్తకములు ఎన్ని యున్నవన్నది పెద్ద లెక్క కాదు. వానిని చదివి కలము పట్టినవా రెందరన్నదే అసలు లెక్క. రజతోత్సవ వేళ ఊరు వేసుకొనదగిన లెక్క అదియే.