వెర్డన్ యుద్ధము - అనంతర ఫలితములు

మొదటి ప్రపంచ సంగ్రామమున పశ్చిమ రంగమందు జరిగిన కందక యుద్ధములలో వెర్డన్ యుద్ధమునకు ప్రత్యేక స్థానము కలదు. ఫ్రాన్సు ఈశాన్య భాగమున మ్యూజ్ నదీతీరమందు 1916 ఫిబ్రవరి 21న ఆరంభమై, డిసెంబరు 18 వరకు సుమారు మూడువందల దినములు సాగెను. మృతులు ఉభయపక్షములయందును కలిసి దాదాపు 3 లక్షలని సామాన్యముగ అంగీకరింపబడిన లెక్క. సంవత్సరాంతమునకు ఫ్రెంచివారు కోల్పోయిన భూమిలో చాలభాగము మరల వారి వశమయ్యెను. కావున ఈ యుద్ధఫలితమును దేశపటములందు వెదకుట వ్యర్థము. తరువాతి తరమువారి నిర్ణయములందు వెదకవలెను.

దాడికి కారణమేమన్న ప్రశ్నయే వివాదాస్పదము. స్థలమును గెలుచుటకంటె ఫ్రెంచి సైన్యమును రక్తహీనము గావించుటయే తన లక్ష్యమని జర్మను సేనాపతి ఫాల్కెన్‌హైన్ యుద్ధానంతరము వ్రాసికొనెను. 1915 క్రిస్మసు నాటిదని ఆయన ప్రకటించిన విజ్ఞాపనపత్రము యొక్క మూలప్రతి మాత్రము ఎన్నడును లభింపలేదు. ఓటమికి పిమ్మట కల్పించిన సమర్థనమేమో యని పెక్కురు చరిత్రకారుల సందేహము. ఈ సందేహము సహేతుకమనియే తోచుచున్నది.

ఇంతకంటె విచారింపదగినది దుర్గముల కథ. 1915లో ఫ్రెంచి సైన్యాధిపతి జోఫ్ర్ వెర్డన్ కోటలలోని ఫిరంగులను పెక్కింటిని తీయించి ఇతర రంగములకు పంపెను. అందుచేత దువోమోన్ వంటి మహాదుర్గము 1916 ఫిబ్రవరి 25న కొలదిమంది జర్మను సైనికులకు పోరు లేకయే చిక్కినది. దానిని మరల గైకొనుటకు అక్టోబరు 24 వరకు పట్టెను. వో దుర్గమును రక్షించిన రేనాల్ జూన్ 7న లొంగిపోయినది గోడలు కూలుటచే గాదు, త్రాగునీరు లేకుండుటచేత. ఎడతెగని ఫిరంగి దెబ్బలకు కూడ ఈ కోటల కాంక్రీటు చాలవరకు నిలిచినది. తరువాత ఫ్రెంచి నిపుణులు గ్రహించిన పాఠమిదియే. 1930 నాటి శాసనముతో మాజినో రేఖ రూపొందెను. దానికి పేరిచ్చిన మంత్రి ఆంద్రె మాజినో 1914లో వెర్డన్ ప్రాంతముననే గాయపడినవాడు. కాని వెర్డన్‌ను నిలిపినది కాంక్రీటు ఒక్కటియే కాదు. బార్-ల-డ్యూక్ నుండి రేయింబవళ్లు లారీలు నడచిన బాట, వెనుకనున్న ఫిరంగులు, మారుచుండిన సేనలు. సాక్ష్యమున సగమును మాత్రమే చదివిన ఫలితము 1940లో తేలెను. జర్మనులు ఆర్డెన్ అరణ్యముగుండ వచ్చిరి. జూన్ 15న వెర్డన్ దాదాపు ఒక్కదినముననే పడిపోయెను. అట్లని మాజినో రేఖను కట్టినవారిని మూఢులని పరిహసించుట తేలిక. దాని ముఖ్యదుర్గములలో పెక్కింటిని శత్రువు ఎదురుగ ఛేదింపలేదు.

సేనలను మార్చు పద్ధతి సేనాని పెటేన్‌ది. దానిని ఫ్రెంచివారు ‘నోరియా’ యనిరి. మన ఘటీయంత్రమే అది. నిండిన కుండ పైకి వచ్చుచుండ ఖాళీకుండ క్రిందికి దిగునట్లు, అలసిన దళము మరలగా క్రొత్తదళము దిగెడిది. తన్మూలమున ఫ్రెంచి సైన్యమున అధికభాగము ఆ నరకమును చూచినది. వెర్డన్ ఒక్క పటాలపు స్మృతి గాక జాతిస్మృతి యగుటకు కారణమిదియే. మే నెలలోనే అచ్చటి సైన్యాధిపత్యము నివెల్‌కు సంక్రమించినను కీర్తి పెటేన్‌కే నిలిచెను. ఆ కీర్తియే 1940లో 84వ యేట ఆయనను విషీ ప్రభుత్వాధినేతను జేసినది. 1945లో ఆయనకు విధించిన మరణశిక్ష యావజ్జీవముగా మారెను. 1951లో బందీగానే మరణించెను. దువోమోన్ యోధుల సరసన సమాధి కావలెనన్న ఆయన కోరిక తీరలేదు. 1973లో అభిమానులు శవపేటికను అపహరించి అచ్చటికి చేర్పబూనిరి గాని అదియు విఫలమయ్యెను.

1932లో ప్రారంభమైన దువోమోన్ అస్థిశాలయందు గుర్తింపరాని సుమారు 1,30,000 మంది ఫ్రెంచి, జర్మను సైనికుల అస్థులు కలగలసియున్నవి. వానిని జాతివారీగా వేరుచేయుట సాధ్యము గాలేదు. మృతులు ముందే కలసిన ఆ స్థలమున 1984 సెప్టెంబరు 22న మిత్తెరాఁ, కోల్ చేతులు పట్టుకొని నిలిచిరి. వారిలో మిత్తెరాఁ 1940లో వెర్డన్ చెంతనే గాయపడినవాడు. ధ్వంసమైన తొమ్మిది గ్రామములలో ఆరింట నేటికిని జనులు లేరు. ప్రేలని గుండ్లు ఇంకను భూమిలో నున్నవి. ఐనను ఆ యారింటికిని మేయరులు కలరు. ఓటరులు లేనందున వారిని ప్రిఫెక్టు నియమించును.