నల్లమల కాలిబాట: తోడే రక్ష

మా ఆత్మకూరు దగ్గర వెంకటాపురం దాటితే నల్లమల మొదలు. నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం. శివరాత్రికి, ఉగాదికి శ్రీశైలం మల్లన్న దగ్గరికి నడిచేవాళ్ల నోట ఈ పేర్లు ఇదే వరసలో వస్తాయి. ఈ వరసను నిర్ణయించింది నీళ్లే. నీరు దొరికిన చోటే మజిలీ.

ఇది ధైర్యవంతుల దారి అంటారు గానీ, నేను ఒప్పుకోను. ఇది ఏర్పాట్ల దారి. 14వ శతాబ్దంలో అద్దంకి నుంచి ఏలిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడు. భీముని కొలను లోయలోకి దిగి, మళ్లీ కైలాసద్వారానికి ఎక్కేటప్పుడు ఆ మెట్ల విలువ మోకాళ్లకు తెలుస్తుంది. అరిగి నున్నబడ్డ రాళ్ల మీద ఎండుటాకులు పరుచుకుని ఉంటాయి. ఎక్కడం ఆయాసమే, కాలు జారేది మాత్రం దిగేటప్పుడు. అందుకే మా ఊళ్లో పెద్దవాళ్లు, పొద్దు వాలాక లోయలోకి దిగొద్దనేవాళ్లు.

1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య శ్రీశైలానికి ఈ దారినే వెళ్లాడు. అప్పటి మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా చేసిన పెద్దమనిషి, బోయీలను, పరివారాన్ని వెంటబెట్టుకునే కదిలాడు. అప్పుడు ఈ సీమ కందనూరు (కర్నూలు) నవాబుది. యాత్రికులు సుంకం కట్టాలి. అడవిలో కాపలా చెంచులది. ఏ మలుపులో ఎలుగు తిరుగుతుందో, ఏ చెలమలో నీరు ఇంకా ఉందో వాళ్లకే తెలుసు. నవాబు పోయి కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) వచ్చినా అడవి కాపలాకు చెంచులే దిక్కయ్యారు.

దోర్నాల మీదుగా బస్సు వచ్చాక ఈ బాట చాలామందికి అక్కర్లేకపోయింది. కన్నడ భక్తులు మాత్రం వదల్లేదు. నెత్తిన మూటలతో గుంపులుగా వస్తారు, కొందరైతే మరగాళ్ల మీద నడుస్తారు. 1983 నుంచి ఇది ప్రాజెక్టు టైగర్ అడవి. అందుకే అటవీశాఖ పండగ రోజుల్లోనే నడవనిస్తుంది.

నడవదలచినవాళ్లకు నా మాట ఒకటే: అనుమతి ఉన్న రోజుల్లోనే రండి. గుంపు వదలొద్దు, నీళ్లు మోసుకురండి, నిప్పు ముట్టించొద్దు. దారి చూపే చెంచు మాటకు ఎదురు చెప్పొద్దు.