కామో ఊరుంది, కామో మేయరు లేడు

ఇటలీ వాయవ్యాన పీడ్‌మాంట్ ప్రాంతంలో, లాంగె కొండల మీద కామో అని ఒక చిన్న ఊరుంది. జనం సుమారు 200 మంది. చుట్టూ మొస్కాతో ద్రాక్ష తోటలే. ఆ ద్రాక్షతో చేసే తియ్యటి నురగ వైనుకి ప్రపంచంలో మంచి పేరుంది.

అక్కడ ఊరి పాలనా సంస్థని కొమూనే అంటారు. మన పంచాయతీ లాంటిదే అనుకోండి. అయితే రోమ్ మహానగరమూ కొమూనేయే, కామో కూడా కొమూనేయే. రెండిటికీ మేయరు ఉండాలి, కౌన్సిలు ఉండాలి, జనన మరణాల రిజిస్టరు ఉండాలి.

2019 జనవరి 1న కామో కొమూనే రద్దయింది. పక్కనే బెల్బో నది లోయలో ఉన్న సాంతో స్తెఫానో బెల్బోలో కలిసిపోయింది. రచయిత చెజారే పవేజే 1908లో పుట్టిన ఊరు అది. జనం దాదాపు 4,000.

ఎందుకిలా అయిందంటారా? రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ కొండల రైతుబిడ్డలు టొరినోలో ఫియట్ కార్ల ఫ్యాక్టరీకి, ఆల్బాలో ఫెరెరో చాక్లెట్ ఫ్యాక్టరీకి వెళ్లారు. నూతో రెవెల్లి అనే ఆయన ఈ జిల్లా రైతుల గోడు వాళ్ల నోటే విని 1977లో పుస్తకం వేశారు. దాని పేరుకి అర్థం 'ఓడిపోయినవాళ్ల లోకం'. జనం తగ్గినా ఆఫీసు ఖర్చు తగ్గదు కదా. పైగా కలిసిన ఊళ్లకి ప్రభుత్వం అదనపు నిధులిస్తుంది.

ఊళ్లని కలపడం అక్కడ కొత్తేమీ కాదు. 1920లలో ముస్సోలినీ ప్రభుత్వం చిన్న కొమూనేలను వందల్లో రద్దు చేసింది, ఊరివాళ్లని అడక్కుండానే. యుద్ధం అయ్యాక వాటిలో చాలా ఊళ్లు తమ కొమూనేలను తిరిగి తెచ్చుకున్నాయి. అందుకే 1948 నాటి రాజ్యాంగంలో 133వ అధికరణం పెట్టారు: ఊళ్ల హద్దులు మార్చాలంటే ముందు అక్కడి జనం మాట వినాలి.

2014లో వచ్చిన 56వ నంబరు చట్టం ఇంకో మాట చేర్చింది. కలుపుకున్న ఊరు తన నిబంధనావళిలో, కలిసిన ఊరివాళ్లకి పాలనలో భాగస్వామ్యం, దగ్గర్లో సేవలు ఉండేలా రాసుకోవాలి.

కాగితం మీద బాగానే ఉంది. కానీ ఒక్కటి ఆలోచించండి. 200 మంది తమ మేయరుని తామే ఎన్నుకున్నప్పుడు ప్రతి ఓటూ లెక్కే. ఆ 200 ఓట్లు 4,000 మందిలో కలిశాక, కొండ మీది తోట దారి కొట్టుకుపోతే ఆ రైతు ఎవరి తలుపు కొట్టాలి? ఎంత దూరం దిగి రావాలి? ఊళ్లు కలిపేటప్పుడు ఎక్కడైనా ముందు తేల్చుకోవాల్సిన లెక్క ఇదే.