పారేయని వాలెంకి

కోరుట్ల, జగిత్యాల నుంచి పరాయి దేశం పోయారంటే మనవాళ్లకు ముందు గుర్తొచ్చేది గల్ఫ్. నేను వచ్చింది ఉత్తరానికి, ఓల్గా నది ఒడ్డున ఉన్న త్వేర్ నగరానికి. వైద్యం చదవడానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాను. రష్యా చరిత్ర రాయమని ఊరి మిత్రులు అడిగినప్పుడు వాళ్ల మనసులో ఉండేది జార్లు, లెనిన్, స్టాలిన్. ఆ కథలు మనకు విశాలాంధ్ర పుస్తకాల్లో తెలుగులోనే దొరికాయి. నేను మాత్రం ఇక్కడి ఇళ్లలో గుమ్మం పక్కన కనిపించే వాలెంకి గురించి చెబుతాను. ఈ దేశం పడ్డ కష్టం నాకు వాటి వల్లే ఎక్కువ అర్థమైంది.

వాలెంకి అంటే గొర్రె ఉన్నితో చేసే, దాదాపు మోకాలి దాకా వచ్చే చలికాలపు బూట్లు. వాటిని నేయరు, కుట్టరు. ఏకిన ఉన్నిని పొరలుగా పరిచి, కాలికి రెండింతలుండే సంచీలా మలిచి, వేడినీళ్లు పోస్తూ చేతులతో నలుపుతారు. నలిపేకొద్దీ ఉన్ని ముడుచుకుని, చిక్కుబడి, గట్టిపడుతుంది. ఆ తర్వాత కర్ర అచ్చుకు ఎక్కించి ఆరబెడతారు. ఎక్కడా అతుకుండదు. పాతకాలపు జతలో కుడి ఎడమ తేడా కూడా లేదు. మా త్వేర్ ప్రాంతంలోని కల్యాజిన్ పట్టణం ఈ పనికి పేరుమోసింది. ఉగ్లిచ్ జలాశయం కట్టినప్పుడు, 1939-40 కాలంలో, ఆ పట్టణం పాత భాగం మునిగిపోయింది. చర్చి గంటగోపురం ఒక్కటే ఇప్పటికీ నీళ్ల మధ్య నిలబడి ఉంది. మధ్య మానేరు కింద ఊళ్లు పోగొట్టుకున్న సిరిసిల్ల, వేములవాడ వైపు వాళ్లకు దాని గురించి నేను వేరే చెప్పాల్సిన పని లేదు.

ఒక జతకు చాలా ఉన్ని కావాలి, చాలా శ్రమ కావాలి. అందుకే పల్లెల్లో ఒకప్పుడు వాలెంకి ఉన్న ఇల్లంటే కలిగిన ఇల్లు. పేద కుటుంబాల్లో ఇంటిల్లిపాదికీ ఒకే జత ఉండేది. బయట పని ఉన్నవాళ్లు తొడుక్కుని పోయేవాళ్లు, మిగతావాళ్లు పొయ్యి దగ్గర ఉండిపోయేవాళ్లు. అలాంటి వస్తువును అరిగిందని ఎవరు పారేస్తారు? ముందు అరిగేది అడుగే. అప్పుడు ఇంకో పాత బూటు పైభాగాన్ని కోసి, దాన్ని అడుగుగా పెట్టి, మైనం పట్టించిన దారంతో, ఆరెతో కుట్టేవాళ్లు. అలా ఒక బూటు చచ్చి ఇంకో బూటును బతికించేది. కుట్టడానికి కూడా వీల్లేకపోతే లోపలి మెత్తలవుతాయి, పిల్లల చెప్పులవుతాయి, చలిగాలి రాకుండా తలుపు సందులో పెట్టే ముక్కలవుతాయి.

1941 అక్టోబరులో జర్మన్ సైన్యం ఈ నగరాన్ని పట్టుకుంది. అప్పుడు దీని పేరు కాలినిన్. డిసెంబరు 16న మళ్లీ విముక్తమైంది. జర్మన్ సైనికులు అడుగున ఇనుప మేకులున్న తోలు బూట్లతో వచ్చారు. ఆ ఇనుము చలిని నేరుగా కాలికి ఎక్కించేది. వేళ్లు నల్లబడి, కోసేయాల్సి వచ్చినవాళ్లు వేలల్లో ఉన్నారు. పల్లెల్లో ముసలివాళ్ల కాళ్ల నుంచి కూడా వాలెంకి ఊడబెరుక్కున్నారు. ఇటు దేశమంతటా జనం ఉన్ని, గొర్రెతోలు కోట్లు, వాలెంకి పోగుచేసి తమ సైన్యానికి పంపారు. ఇచ్చినవాళ్ల ఇళ్లలో ఆ చలికాలం ఏం తొడుక్కున్నారో ఊహించుకోండి. పాత కోట్ల దూదిని, కంబళి ముక్కలను కలిపి కుట్టుకున్నవే ఎన్నో కాళ్లను కాపాడాయి.

ఈ కథలో చీకటి కోణం కూడా ఉంది, దాన్ని దాటేయలేను. 1962 నవంబరులో ‘నోవీ మీర్’ పత్రికలో వచ్చిన సోల్జెనిత్సిన్ ‘ఇవాన్ దెనీసొవిచ్ జీవితంలో ఒక రోజు’లో, నిర్బంధ శిబిరంలోని ఖైదీకి ఉన్న పెద్ద దిగుళ్లలో కాళ్లది ఒకటి. బండి టైర్లు కోసి చేసిన చెప్పులకు ఖైదీలు చెల్యాబిన్‌స్క్ ట్రాక్టర్ కర్మాగారం పేరు పెట్టుకున్నారు. పాత వాలెంకి మీద పాట పాడి దేశాన్ని ఊపిన లిదియా రుస్లానొవా 1945 మేలో బెర్లిన్‌లో, కూలిన రైఖ్‌స్టాగ్ దగ్గర, సైనికుల ముందు పాడింది. మూడేళ్లకు, 1948లో, ఆమెనే అరెస్టు చేశారు. స్టాలిన్ పోయాక 1953లో గానీ విడుదల కాలేదు.

పాత వాలెంకిని ఇలా మళ్లీ వాడుకోవడం ఇప్పుడు తీరిక వేళల కళ. మా పై అంతస్తులో ఉండే పెద్దావిడ ప్రతి శరదృతువులో అరిగిన జతలను ముందేసుకుని కూర్చుంటుంది. దుమ్ము దులిపి, పురుగు పట్టిన చోటు కోసి తీసేసి, మిగిలినదాన్ని ఆవిరి పట్టి చదును చేస్తుంది. కాగితం మీద పాదం గీసి, ఆ కొలతకు చెప్పులు కుట్టే కత్తితో కోస్తుంది. అడుగుకు రెండు పొరలు, పైన ఒకటి, చుట్టూ లావు దారంతో కుట్టు. ఇంట్లో తొడుక్కునే వెచ్చని చెప్పులు తయారు. సిరిసిల్ల సాంచాల మీద నేసిన బట్టను కోస్తే అంచు పోగులు ఊడిపోతాయి, మడిచి కుట్టాల్సిందే. ఈ ఉన్నికి పోగులే లేవు కాబట్టి అంచు ఊడదు. ఇక్కడ కూడా మనలాగే గుమ్మంలోనే పాదరక్షలు విప్పుతారు. వచ్చిన అతిథి ముందు ఇంటి చెప్పులు పెట్టడం మర్యాద. ఆమె నాకిచ్చిన జత బయట మైనస్ 25 చలి ఉన్నప్పుడు కూడా ఇంట్లో నా పాదాలను వెచ్చగా ఉంచింది.

ఇవి చూసినప్పుడల్లా నాకు మన గొంగడి గుర్తొస్తుంది. కురుమలు దక్కనీ గొర్రెల ఉన్ని వడికి, నేసి, చింతగింజల గంజి పెట్టి చేసే గొంగడి ఎండకూ వానకూ చలికీ ఒక్కటే ఆధారంగా ఉండేది. ఇప్పుడు ఆ ఉన్నికి కొనేవాళ్లు లేక, కత్తిరించిన కూలి కూడా రాక, చాలాచోట్ల పారబోస్తున్నారు. రష్యా ఇంత చలిలో, ఇన్ని యుద్ధాల్లో ఒక్క ఉన్ని ముక్క వదలలేదు. మనం మాత్రం అటకమీది గొంగడిని చెత్తబండికి వేస్తున్నాం. ఇది నాకు బాధగా ఉంది.

మీ ఇంట్లో పాత గొంగడి ఉంటే దయచేసి పారేయకండి. పురుగు లేని భాగం చూసి కోయండి. మూడు పొరలు పెట్టి, పోగులు ఊడకుండా అంచుకు పాత చీర పట్టీ వేసి, బొంత కుట్టినట్టే కుట్టండి. డిసెంబరులో చల్లని టైల్స్ మీద నడిచే పెద్దవాళ్లకు చెప్పులవుతుంది. పొద్దంతా కింద కూర్చుని బీడీలు చుట్టే మన కోరుట్ల, జగిత్యాల అక్కలకు ఆసనమవుతుంది. మీ ఊరి చుట్టుపక్కల ఇంకా గొంగడి నేసే చేతులుంటే, ఈ చలికాలం వాళ్ల దగ్గర ఒక్కటైనా కొనండి.