ఒకే తేదీ, రెండు ఫైళ్లు: పర్యావరణ చట్టాలూ పాకీపనివాళ్లూ

ఏటా జూన్ 5న పర్యావరణ దినం జరుపుతారు. ఆఫీసుల ముందు మొక్కలు నాటుతారు, బడిపిల్లలతో బొమ్మలు వేయిస్తారు. ఆ తేదీకి ఇంకో చరిత్ర కూడా ఉంది. చేతులతో మలం ఎత్తించే పనినీ, పొడి పాయిఖానాల నిర్మాణాన్నీ నిషేధించిన చట్టానికి రాష్ట్రపతి ఆమోదం దొరికింది 1993 జూన్ 5నే. మేము వెళ్లిన పర్యావరణ సభల్లో ఈ మాట ఒక్కసారి కూడా వినపడలేదు. ఇది మతిమరుపు అనుకోవడానికి లేదు. పర్యావరణం ఒక ఫైలు, పాకీపని ఇంకో ఫైలు అని రాజ్యం మొదట్నుంచీ విడదీసి పెట్టింది. ఆ విడదీతకి ఉన్న చరిత్రనే ఇక్కడ చెప్పదలుచుకున్నాం. ‘పాకీ’ అన్న మాట మాకు ఇష్టమై వాడటం లేదు. మామీద వేసిన పేరు అది, దాన్ని దాచిపెడితే చరిత్ర కూడా దాగిపోతుంది.

పాకీపని ఫైలు పాతది. బొంబాయి ప్రభుత్వం 1949లో బర్వే కమిటీని వేసింది. 1957లో మల్కానీ కమిటీ వచ్చి 1960లో నివేదిక ఇచ్చింది. తట్ట నెత్తిమీంచి దిగాలి, తోపుడుబండి రావాలి అని ఆ కమిటీలు చెప్పాయి. తట్ట దిగడం చిన్న సంగతేం కాదు. అయితే మలం ఎత్తే పని ఒక కులానికే ఎందుకు ఉండాలన్న ప్రశ్న హరిజన సంక్షేమం కింద పడిపోయింది. సంక్షేమం అంటే దయ. దయ చూపించేవాళ్లని లెక్క అడగడం ఎక్కడైనా ఉంటుందా?

రెండో ఫైలు 1972 స్టాక్‌హోం సదస్సు తర్వాత తెరుచుకుంది. 1974లో నీటి కాలుష్య చట్టం, ఆ ఏడాదే కేంద్ర మండలి వచ్చాయి. 1976లో ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి ఏర్పడింది. రాష్ట్ర మండలిలో ఎవరెవరు కూర్చోవాలో చట్టం నాలుగో సెక్షన్ చెబుతుంది: అధికారులు, స్థానిక సంస్థల సభ్యులు, వ్యవసాయం, చేపల పెంపకం, పరిశ్రమ, వ్యాపారాల తరఫువాళ్లు, ప్రభుత్వ కంపెనీల ప్రతినిధులు. మురుగునీళ్లని వదిలే ఫ్యాక్టరీకి అక్కడ కుర్చీ ఉంది. ఆ మురుగులోకి దిగే రెల్లికి, మెహతర్‌కి, మాదిగకి మాత్రం పేరుపెట్టి కుర్చీ వేయలేదు.

రెండు ఫైళ్లకీ ఉన్న తేడా చట్టాలు చేసిన పద్ధతిలోనే కనపడుతుంది. భోపాల్ తర్వాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం చేసినప్పుడు కేంద్రం అంతర్జాతీయ ఒప్పందాల అధికారం వాడింది, దేశమంతటికీ ఒక్కసారే చట్టం చేసింది. 1993 చట్టం దగ్గరికొచ్చేసరికి పారిశుధ్యం రాష్ట్రాల విషయం అన్నది. ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాలు తీర్మానాలు చేస్తేగానీ చట్టం కదల్లేదు. అమల్లోకి వచ్చింది 1997 జనవరి 26న. శిక్షలు కూడా పక్కపక్కన పెట్టి చూడండి. 1986 చట్టంలో అప్పుడు అయిదేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. 1993 చట్టంలో ఏడాది దాకా జైలు, రెండువేల దాకా జరిమానా. కేసు పెట్టాలన్నా అధికారి అనుమతి కావాలి. ఈ పనిలో మనుషుల్ని పెట్టుకున్నవాళ్లలో మున్సిపాలిటీలూ రైల్వేలూ ఉంటే అధికారి ఎవరిమీద అనుమతి ఇస్తాడు?

విచిత్రమేమిటంటే, 1993 చట్టం పీఠికలోనే మానవ పర్యావరణాన్ని కాపాడటం, మెరుగుపరచడం అన్న మాటలున్నాయి. అంటే చట్టం రాసినవాళ్లకి సంబంధం తెలుసు. ఫైళ్లు మాత్రం కలవలేదు.

చెత్త విషయంలోనూ ఇదే కథ. 1994లో సూరత్ ప్లేగు నగరాలకి చెత్తంటే భయం పుట్టించింది. 1996లో అల్మిత్రా పటేల్ సుప్రీంకోర్టుకి వెళ్లారు. 2000లో మున్సిపల్ ఘనవ్యర్థాల నియమాలు వచ్చాయి. కుప్పల్లోంచి కాగితం, ప్లాస్టిక్, ఇనుము ఏరి మళ్లీ ఫ్యాక్టరీకి చేర్చే ఆడవాళ్లకీ పిల్లలకీ ఆ నియమాల్లో చోటు దొరకలేదు. ‘రీసైక్లింగ్’ అన్న మాట రాకముందునుంచీ ఆ పని చేస్తున్నది వాళ్లే గదా! చెత్త ఏరేవాళ్లని నిర్వచించి, గుర్తింపు కార్డులివ్వాలని చెప్పింది 2016 ఏప్రిల్‌లో వచ్చిన నియమాలు. ఆ ఏడాది ఆగస్టులోనే హైదరాబాద్ మాదాపూర్‌లో ఒక మ్యాన్‌హోల్ నలుగురి ప్రాణాలు తీసుకుంది.

మ్యాన్‌హోల్‌ని 1993 చట్టం పట్టించుకోనేలేదు. సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టు మెట్లెక్కింది. పోరాటం ఫలితంగా 2013 చట్టం మురుగుకాలువనీ సెప్టిక్ ట్యాంకునీ లెక్కలోకి తెచ్చింది. అందులోనూ సందు ఉంది: రక్షణ సామగ్రి లేకుండా దింపితేనే ‘ప్రమాదకరం’. 1993 నుంచి మురుగులో చనిపోయినవాళ్ల కుటుంబాలకి 10 లక్షలివ్వమని 2014లో కోర్టు చెప్పింది, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. మా మనిషి చావుకి ధర పెరిగింది. చావుని ఆపాల్సిన బాధ్యత ఎవరిదన్నది తేలలేదు.

‘అది మా పని కాదు’ అని మండళ్లు అనవచ్చు. మురుగునీటిని వదలడానికి అనుమతి ఇచ్చేదీ, షరతులు పెట్టేదీ ఆ మండళ్లే. నీళ్లలో బీఓడీ ఎంతో కొలవగలిగినవాళ్లకి, ఆ నీళ్లలోకి మనిషిని దింపకూడదన్న షరతు రాయడం కష్టమా? 1974 చట్టం నాలుగో సెక్షన్‌లోనే ఒక తలుపు తెరిచి ఉంది. ప్రాతినిధ్యం ఉండాలని ప్రభుత్వం భావించే ‘ఇతర ప్రయోజనాల’ వాళ్లని కూడా మండలిలోకి తీసుకోవచ్చు. కొత్త చట్టమేమీ అక్కర్లేదు.

మేమడుగుతున్నది ఇదే. పాకీపని చేసిన కులాల ఆడవాళ్లకీ మగవాళ్లకీ ఆ మండళ్లలో కుర్చీ వేయండి. నదుల లెక్కతోపాటు మురుగులో పోయిన ప్రాణాల లెక్క కూడా వార్షిక నివేదికలో అచ్చేయండి. అప్పుడు జూన్ 5న మొక్క నాటడానికి మేమూ వస్తాం. అందాకా ఆ రోజు మాకు 1993ని గుర్తుచేసే రోజే.